గోడ అవతల తాబేలు

మా పక్క వాటాలో ఉండే లెక్కల సార్ పోయారన్న కబురు నాకు చెప్పింది వాళ్ళింటి వాళ్ళు కాదు, ఆస్పత్రి వాళ్ళూ కాదు. ఫ్లెక్సీ అచ్చు వేయించే తొందరలో ఉన్న మనిషి. ఆయన మా ఆదివారం చదువరుల సంఘానికి అధ్యక్షుడు. నేను ఎనిమిదింటికి ముందు లేవనని తెలిసీ ఏడున్నరకే ఫోన్ చేశాడు.

"మీ పక్కింటాయన తెల్లవారుజామున పోయారట కదండీ. మీకు తెలిసే ఉంటుంది. సంతాప సభ ఫ్లెక్సీకి ఇస్తున్నాను. ఆయనకు బాగా ఇష్టమైన పుస్తకం ఏదో ఒక్క మాటలో చెబుతారా?"

నాకు తెలియదు. రెండు రోజుల ముందు ఆయాసమని ఆస్పత్రికి వెళ్తూ సార్ మెట్ల మీద ఆగి, "ఎడిటర్ సాబ్, రెండ్రోజులల్ల వస్త. పేపర్ మా గుమ్మం కాడ ఏస్తడు, మీరే తీసుకొని చదువుండ్రి" అన్నారు. ఆ రెండు పేపర్లూ నా మంచం మీదే ఉన్నాయి. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని వాటివైపు చూస్తూ ఉండిపోయాను.

"హలో? పుస్తకం పేరు..."

"ఆయన పుస్తకాలు చదివేవారు కాదు."

"పోనీ, ఆసక్తులు?"

"తాబేలు."

"ఏమిటండీ?"

"టీవీలో వచ్చే తాబేలు బొమ్మల సీరియల్. చిన్నపిల్లలది. ఆరేళ్ళుగా ఒక్క రోజు తప్పలేదు."

"అది ఫ్లెక్సీ మీద బాగుండదేమోనండీ" అన్నాడు.

సభ రోజున చూస్తే ఫ్లెక్సీ మీద సార్ ఫొటో కింద 'వేదాంత గ్రంథ పఠనాసక్తులు' అని ఉంది. ఆయన ఎన్నడూ తెరవని గ్రంథాలన్నీ ఒక్క ముక్కలో ఆయనకు అంటగట్టారు. ఈ నాలుగు పేజీలు రాయడానికి అదొక కారణం. రెండో కారణం నాకు సంబంధించింది. అది చివర చెబుతాను.

నేను నలభై ఏళ్ళు ఒక పత్రికలో పుస్తక సమీక్షల పేజీ చూశాను. ఎడిటర్ని కాను, సబ్ ఎడిటర్ని. చిక్కడపల్లిలో ఈ వాటాకు వచ్చిన రోజున, నా పుస్తకాల పెట్టెలు మూడో అంతస్తుకు మోయలేక కూలీలు తిట్టుకుంటుంటే, సార్ ఒక పెట్టె తానే ఎత్తుకుని, "ఏంది ఎడిటర్ సాబ్, ఇటుకలు రాస్తరా మీరు?" అన్నారు. ఆ ఎడిటర్ అన్న మాట నేను దిద్దలేదు. జీవితంలో నేను దిద్దకుండా వదిలేసిన తప్పు అదొక్కటే.

సార్ నారాయణగూడలో ఒక బడిలో ముప్పై అయిదేళ్ళు తెలుగు మీడియం పిల్లలకు లెక్కలు చెప్పారు. అశోక్‌నగర్ దాకా పొద్దున నడకకు వెళ్తే, కోచింగ్ సెంటర్ల ముందు టీ తాగే కుర్రకారు లేచి నిలబడేది. వాళ్ళకు ఆయన ఎప్పుడూ ఒక్క మాటే చెప్పేవారు: "జవాబు తప్పయినా పరవా లేదు బిడ్డా, స్టెప్పులు రాయి. స్టెప్పులకు మార్కులుంటయి." మార్కుల సంగతి నాకు తెలియదు కానీ, స్టెప్పులు చూపించకుండా జవాబులు చెప్పేవాళ్ళతోనే నా జీవితమంతా గడిచింది. వాళ్ళలో చాలామంది పీఠికలు రాస్తారు.

ఇక సీరియల్ సంగతి. ఒక ముసలి తాబేలు. అడవిలో ఉత్తరాలు పంచుతుంది. రోజూ సాయంత్రం ఐదున్నరకు భుజాన సంచితో బయలుదేరి, ఇరవై నిమిషాల్లో కుందేలుకూ నక్కకూ ఉడతకూ ఉత్తరాలు చేరుస్తుంది. ప్రతి భాగం చివరా సంచిలో ఒక ఉత్తరం మిగిలిపోతుంది. దాని మీద చిరునామా కనపడదు. తాబేలు దాన్ని వెలుతురుకు ఎత్తి చూసి, మళ్ళీ సంచిలో పెట్టుకుని, "రేపు చూద్దాం" అంటుంది. అంతే కథ.

డెబ్బై రెండేళ్ళ మనిషి ఇది చూస్తున్నాడంటే జనం మనవల కోసమనుకుంటారు. సార్‌కు పిల్లలు లేరు. అందుకని మొదట్లో ఆయనకూ కొంచెం మొహమాటం ఉండేది. కింది వాటాలోని ఏడేళ్ళ పాపను చాక్లెట్ ఇచ్చి పిలుచుకొచ్చి పక్కన కూర్చోబెట్టుకునేవారు. నాలుగో రోజు ఆ పిల్ల లేచి, "తాతా, ఇది చిన్నపిల్లలది. నేను సెకండ్ క్లాస్‌కొచ్చిన. మీరే చూడుండ్రి" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత సార్ సాకులు వెతకలేదు. ఎవరు అడిగినా, "అవును, నాకు తాబేలంటే ఇష్టం" అనేవారు. తనకు నిజంగా ఇష్టమైనదాన్ని ఇంత తేలిగ్గా ఒప్పుకున్న మనిషి మా చదువరుల సంఘంలో ఇంకొకడు లేడు. నన్ను కలుపుకునే అంటున్నాను.

సంఘానికి ఆయన్ని తీసుకెళ్ళింది నేనే. బాగ్‌లింగంపల్లిలో ఒక చిన్న హాలు కిరాయికి తీసుకుని, ప్రతి ఆదివారం ఎవరో ఒకరు ఒక పుస్తకం గురించి మాట్లాడతారు. సార్ వెనక వరుసలో కూర్చుని, అంతా విని, చివర్లో చెయ్యెత్తి ఒకే ప్రశ్న అడిగేవారు: "మంచిగ చెప్పిన్రు సార్. పుస్తకం చివర్ల ఏమైతది?" ఈ ప్రశ్నకు మా అధ్యక్షుడు మూడుసార్లు దొరికిపోయాడు. మూడోసారి, "అది పాఠకుడి ఊహకు వదిలేశారండీ" అన్నాడు. అది గుత్తివంకాయతో మొదలయ్యే వంటల పుస్తకం.

మిగిలిపోయే ఆ ఉత్తరం గురించి సార్‌కూ నాకూ బాల్కనీల్లో నిలబడి ఎన్నోసార్లు వాదన జరిగింది. మా బాల్కనీలు ఆనుకుని ఉంటాయి, మధ్య మోకాలెత్తు గోడ. నేను ఆ ఉత్తరం మనిషి ఏకాకితనానికి ప్రతీక అన్నాను. చేరవలసిన చోటు తెలియని సందేశమన్నాను. పాశ్చాత్య సాహిత్యంలోంచి నాలుగు ఉదాహరణలు ఇచ్చాను. సార్ ఓపిగ్గా విన్నారు.

"ఎడిటర్ సాబ్, మొదటి భాగం మీరు చూడలే. వానల తడిసింది. అడ్రస్ చెరిగిపోయింది. గంతే."

"మరి పారేయొచ్చు కదా?"

"ఎట్ల పారేస్తది? ఒకలు రాసిన్రు కద!"

మొదటి భాగం మీరు చూడలేదు అన్నారని గమనించారా? మిగిలినవి చూశానని ఆయనకెలా తెలుసని నేను అప్పుడు ఆలోచించలేదు. చూసేవాణ్ణి. మొదట తిట్టడానికి చూశాను. ఆ డబ్బింగ్ తెలుగు వింటే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. ఉడత చేత "నేను మిమ్మల్ని అభినందించుటకు వచ్చితిని" అనిపించారు. తప్పులు పట్టుకోవడానికి కాగితం పెన్సిలు దగ్గర పెట్టుకుని కూర్చున్నాను. నెల తిరిగేసరికి కాగితం ఖాళీగా ఉండసాగింది.

అయినా పరువు ఒకటి ఉంటుంది. అందుకని టీవీ మ్యూట్‌లో పెట్టేవాణ్ణి. మాటలు గోడ అవతల సార్ టీవీలోంచి గట్టిగా వినపడేవి, బొమ్మ నా టీవీలో కదిలేది. ఎవరైనా తలుపు కొడితే ఒక్క మీట నొక్కితే చాలు, నా గదిలో పుస్తకాలు తప్ప ఏమీ ఉండవు.

ఒక సాయంత్రం అధ్యక్షుడు ఇంటికొచ్చి కూర్చున్నాడు. సరిగ్గా ఐదున్నరకు గోడలోంచి తాబేలు పాట మొదలైంది. "ఏమిటండీ ఈ గోల?" అన్నాడు. నేను ఆయన ఎదుటే కాగితం తీసి, పొరుగు టీవీ శబ్దం వల్ల నా అధ్యయనానికి భంగం కలుగుతోందని అపార్ట్‌మెంట్ సంఘానికి ఫిర్యాదు రాసి సంతకం పెట్టాను. మర్నాటి నుంచి గోడ మూగబోయింది. రెండు రోజులు తాబేలు నోరు కదిలింది, మాట లేదు. నా టీవీ శబ్దం పెంచుకోవచ్చు, కానీ ఫిర్యాదు రాసిన వేలితోనే ఆ మీట నొక్కడం నావల్ల కాలేదు. మూడో రోజు గోడ మళ్ళీ గట్టిగా పాడింది. సార్‌కు చెవుడు వచ్చింది కాబోలు, పెద్దతనం అనుకుని సర్దుకున్నాను.

ఈ వేసవిలో ఆ చానల్ వాళ్ళు సీరియల్‌ను సాయంత్రం నుంచి తెల్లవారి ఐదున్నరకు మార్చారు. అంటే నా వరకు అది ఆగిపోయినట్టే. అర్ధరాత్రి దాకా చదివేవాడు ఆ వేళకు లేవలేడు. ఆ ఆదివారం సభ ముగిశాక, అందరూ టీ తాగుతుండగా సార్ నా దగ్గరికొచ్చారు.

"ఎడిటర్ సాబ్, చానల్‌కు ఒక లెటర్ రాయాలె. టైము మార్చొద్దని. మీ భాష మంచిగుంటది. జర రాసియ్యిన్రి."

చుట్టూ పదిమంది ఉన్నారు. అధ్యక్షుడు కప్పు పట్టుకుని చూస్తున్నాడు. నేను గొంతు పెంచాను. "సార్, నేను నలభై ఏళ్ళు సాహిత్యానికి చాకిరీ చేసినవాణ్ణి. తాబేలుకు వకాల్తా పుచ్చుకునేంత దిగజారలేదు."

అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వారు. "సరే, మీకు తీరినప్పుడు చూద్దాం" అన్నారు. ఆ తర్వాత మూడు నెలలు రోజూ బాల్కనీలో పలకరించారు, ఉల్లిగడ్డ ధర గురించి, మోకాళ్ళ గురించి మాట్లాడారు. ఉత్తరం మాట మాత్రం ఎత్తలేదు. నేనూ అడగలేదు.

పదకొండో రోజు అయిపోయాక, సంతాప సభకు ముందటి సాయంత్రం సార్ భార్య మా తలుపు కొట్టింది. చేతిలో మడతపెట్టిన లెక్కల నోటు కాగితం.

"అన్నా, ఆయన ఫైల్ల దొరికింది. మీకే రాసినట్టుంది. చూడుండ్రి."

పైన ఒక మూల 'ఎడిటర్ సాబ్ భాష చూసినంక పంపాలె' అని ఉంది. కింద ఉత్తరం. రేఖాగణితం పరీక్షలో రాసినట్టే రాశారు.

*దత్తాంశం: తాబేలు కార్యక్రమం సాయంత్రం ఐదున్నరకు వచ్చేది. ఇప్పుడు తెల్లవారి ఐదున్నరకు వస్తున్నది.*

*సారాంశం: అది సాయంత్రమే రావలెను.*

*నిర్మాణం: చిక్కడపల్లిలో ఒక గోడ తీసుకొనుము. గోడకు ఇటువైపు ఒకరు, అటువైపు ఒకరు కూర్చొని చూచుచున్నారు అనుకొనుము.*

*ఉపపత్తి: కార్యక్రమం తెల్లవారి రావడమే సరి అనుకొనుము. ఆ వేళ పిల్లలు నిద్రలో ఉంటారు. కావున అది పిల్లలకు కాదు. పెద్దలు పాల ప్యాకెట్టుకు పోతారు. కావున పెద్దలకు కాదు. పిల్లలకూ పెద్దలకూ కానిది ఎవరికి? తాబేలు ఎవరికీ చేరకుండుట అసంభవం. ఇటువైపు ఆయన నాలుగింటికే లేస్తాడు, ఆయనకు ఇబ్బంది లేదు. అటువైపు ఆయన లేవలేడు. ఆయన ఒక్కడే ఉంటాడు. సాయంత్రం ఆయనకు వేరే పని లేదు. కావున మన ఊహ తప్పు. సారాంశం నిరూపించబడినది.*

నేను రెండుసార్లు చదివాను. "ఇది నా గురించా చెల్లెమ్మా?"

"మరెవరి గురించి? ఆయనకు తెల్లారొస్తే ఏం తక్లీఫ్ అన్నా? మీకు మిస్సయితుందని పరేషానయ్యిండు."

"నేను చూస్తానని ఆయనకెలా తెలుసు?"

ఆవిడ నా వైపు, తర్వాత నా పుస్తకాల బీరువా వైపు చూసింది. నా టీవీకి ఎదురుగా గోడంతా అద్దాల బీరువా. "బాల్కనీలకెళ్ళి చూస్తే ఆ అద్దంల మీ టీవీ కనిపిస్తది కదనే! బట్టలారేస్తుంటే నాకు రోజు కనిపిస్తుండె. మీరు కంప్లైంట్ ఇచ్చిన్రని సౌండ్ తగ్గించిండు. రెండ్రోజులైనంక బాల్కనీల నుంచి వచ్చి, 'పాపం, ఎడిటర్ సాబ్ గోడకు చెవి పెట్టిండే' అని మల్ల పెంచిండు. నేను లొల్లి పెడ్తుంటి, ఇది ఇల్లా టాకీసా అని."

"ఆయనకు చెవుడు అనుకున్నాను."

"చెవుడేంది అన్నా! నేను వంటింట్ల గొణిగినా వినొస్తుండె ఆయనకు."

మర్నాడు సభలో అధ్యక్షుడు ఇరవై నిమిషాలు మాట్లాడాడు. సార్ జీవితమే ఒక వేదాంత గ్రంథం అన్నాడు. ఆ గ్రంథం చివర ఏమవుతుందని అడిగేవారు ఆ రోజు వెనక వరుసలో లేరు. నా వంతు వచ్చింది. నేను రాసుకెళ్ళిన మాటలు జేబులోనే ఉంచి, ఆ లెక్కల కాగితం విప్పి, దత్తాంశం నుంచి చివరి దాకా చదివాను. భాష నేను ముట్టుకోలేదు. దిద్దవలసినది అందులో నాకు దొరకలేదు.

అధ్యక్షుడు ముందుకు వంగి, ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాడు. "చమత్కారంగా ఉందండీ. మరి ఆ గోడకు అటువైపు ఆయన ఎవరు?"

"నేనే."

ముందు ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా నవ్వింది. మూడు నెలల కింద ఇదే హాల్లో నవ్వినవాళ్ళే. నేను నిలబడి ఆ నవ్వు పూర్తయ్యేదాకా ఆగాను. అది నాకు రావలసిందే. బయటికి వస్తుంటే తహసీల్దారుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన నా మోచెయ్యి పట్టుకుని పక్కకు లాగి, చుట్టూ చూసి, గుసగుసగా, "ఇంతకీ ఆ చివరి ఉత్తరం ఎవరిదో తేలిందా సార్? నేను బుధవారం నుంచీ చూడలేదు" అన్నాడు. సార్ రాసిన ఉత్తరం కింద ఈ పెద్దాయన సంతకం కూడా తీసుకుని, సోమవారం చానల్‌కు పోస్టు చేశాను. వాళ్ళు మారుస్తారన్న ఆశ లేదు.

అందుకని నిన్న అలారం పెట్టుకుని ఐదూ ఇరవైకి లేచాను. ఊరు ఇంకా మసకగా ఉంది. టీవీ పెట్టి, అలవాటుగా మ్యూట్ నొక్కి, కుర్చీలో కూర్చున్నాను. గోడ అవతల చప్పుడు లేదు. ఉండదని తెలుసు. ఐదున్నరైంది. తెర మీద తాబేలు సంచి భుజాన వేసుకుంది.

అప్పుడు గోడలోంచి పాట మొదలైంది. మామూలు కంటే గట్టిగా. వెనకే, "అబ్బ, ఏం సౌండ్ ఇది!" అని ఆవిడ తనలో తనే విసుక్కోవడం వినపడింది. తగ్గించలేదు.

నేను లేచి బాల్కనీ తలుపు బార్లా తెరిచి వచ్చి, కుర్చీ బీరువా వైపు తిప్పుకుని కూర్చున్నాను. ఎదురుగా బీరువా అద్దంలో, నలభై ఏళ్ళు నేను కూడబెట్టిన పుస్తకాల మీదుగా, ఒక్కో అట్టనూ దాటుకుంటూ తాబేలు నడిచి వెళ్తోంది. సంచిలో ఒక ఉత్తరం ఉంది.