తొమ్మిదో సిలిండరు

నా చిన్నప్పుడు మా ఇంట్లో పిల్లల వ్యవహారమంతా జతలుగానే నడిచేది. మా పెదనాన్న పిల్లలు అయిదుగురు, మేము ముగ్గురం, వెరసి ఎనిమిది మంది. చెడుగుడు ఆడితే అటు నలుగురు, ఇటు నలుగురు. పడుకోవడానికి చాపకి ఇద్దరు చొప్పున నాలుగు చాపలు. అందరిలోకీ చిన్నదాన్ని నేనే అయినా, లెక్కల్లో ఘటికురాలినని ఇంటిల్లిపాదీ ఒప్పుకున్నారు. ఎనిమిది చాలా మంచి అంకె అనీ, ఎన్నిసార్లు సగం చేసినా ఎవరూ మిగలరనీ నాకు గట్టి నమ్మకం.

అలాంటి ఇంటికి ఒక ఎండాకాలంలో తొమ్మిదో పిల్ల వచ్చింది. మా నాయనమ్మ పెరట్లో జారిపడి కాలు విరగ్గొట్టుకుంటే, ఆమెకి సాయం ఉండడానికి మా మేనత్త మాలూరు నుంచి కూతురిని వెంటబెట్టుకుని దిగింది. మామయ్య లారీ డ్రైవరు, ఎప్పుడు చూసినా బొంబాయి దారిలోనే ఉంటాడు. ఆ పిల్ల నాకంటే ఆరు నెలలే పెద్దది. వరసకి వదిన అవుతుంది కాబట్టి వదినా అనే పిలవాలని మా అమ్మ చెప్పేసరికి నాకు మొదటి రోజే ఒళ్ళు మండింది.

చెడుగుడులో ఆమెని ఏ జట్టులో వేసినా రెండో జట్టువాళ్ళు గొడవకి దిగేవారు. చివరికి మా పెద్దన్న తీర్పు చెప్పాడు, ఆ పిల్ల ఆటలో అరటిపండు అని. ఎవరిని పట్టుకున్నా లెక్కలేదు, పట్టుబడినా లెక్కలేదు. రెండు రోజులు అలాగే ఆడింది. మూడో రోజు అరుగు మీద కూర్చుని చూసింది. ఆ తర్వాత చూడడానికి కూడా రాలేదు. నాకు జాలి వేసిందా అంటే, వేయలేదు. ఈ వయసులో నిజం చెప్పడానికి నాకేం భయం? నాలుగు చాపలు నాలుగుగానే ఉన్నాయని సంతోషించాను.

పది రోజులు గడిచేసరికి ఆ పిల్ల తల్లితో తెగేసి చెప్పింది, మాలూరులో అవ్వ, అంటే మామయ్య వాళ్ళ అమ్మ దగ్గరికి పంపించెయ్యమని. నాయనమ్మ కాలు అతికి, ఆమె లేచి తిరగాలంటే దసరా దాటుతుందని కట్టు కట్టినాయన ముందే చెప్పి ఉన్నాడు. అంతవరకూ అత్త కదలడానికి లేదు. అంటే తల్లి ఇక్కడ, పిల్ల అక్కడ. సోమవారం బస్సుకి ఎక్కించాలని నిశ్చయమైంది. అత్త పొయ్యి దగ్గర కూర్చుని, పొగ లేకపోయినా కళ్ళు తుడుచుకోవడం నేను చూశాను. ఎందుకో నాకు తెలుసు. అయినా ఆ పూట కూడా ఆడుకోవడానికే పోయాను.

ఇక్కడ మా చిన్నతాతయ్య గురించి చెప్పాలి. మా తాతయ్యకి తమ్ముడు. యుద్ధం నాటి రోజుల్లో బెంగుళూరులో విమానాల ఇంజిన్లు విప్పి బాగుచేసే పనిలో ఉండి, తర్వాత కుందారపల్లి పక్కనున్న మా ఊరికి తిరిగొచ్చి స్థిరపడ్డాడు. వస్తూ వస్తూ తెచ్చుకున్నది ఒక పాత పిస్టన్ మాత్రమే. దాన్ని తలకిందులుగా పెట్టుకుని, అందులో ఆకూ వక్కా వేసి దంచుకునేవాడు. మా ఊళ్ళో ఇంజిన్ అంటే బావి దగ్గర టుప్పు టుప్పుమని కొట్టుకునే ఒంటి సిలిండరు ఆయిల్ ఇంజినే, అంటే ఆయిలు మండే గొట్టం దానికి ఒక్కటే. కృష్ణగిరి వైపు పోయే లారీలకి ఆరు సిలిండర్లు వరసగా ఉంటాయని మామయ్య చెబితేనే మేము నోరు తెరిచాం. చిన్నతాతయ్య మాత్రం లారీ ఇంజిన్ని లెక్కలోకే తీసుకునేవాడు కాదు.

ఆయన బొగ్గుముక్కతో అరుగు మీద ఇంజిన్ల బొమ్మలు గీసేవాడు. సిలిండర్లు రెండు వరసలుగా, ఏటవాలుగా విడిపోయినది ఒకటి. మూడు వరసలు కోడికాలి వేళ్ళలా విచ్చుకున్నది ఇంకొకటి, దాన్ని విమానంలోనే కాక కారులో కూడా బిగించి పందేలకి తోలారట. నాలుగు వరసలది అచ్చం గుణకారం గుర్తులా ఉండేది. "అది చూసేదానికి సోకు, నడిపేదానికి తలనొప్పి" అనేవాడు. ఆయన ప్రేమంతా గుండ్రటి ఇంజిన్ల మీదే. బండిచక్రానికి ఆకులు అమర్చినట్టు, నడిమి ఇరుసు చుట్టూ తొమ్మిది సిలిండర్లు. లేదా ముందు ఏడు, వాటి సందుల్లోంచి తొంగిచూస్తూ వెనక ఇంకో ఏడు, అన్నిటికీ గాలి తగిలేలా. ఊళ్ళోవాళ్ళు తల ఊపి, పక్కకి పోయి నవ్వుకునేవారు. మేమూ అంతే.

ఆ శనివారం మధ్యాహ్నం తాతయ్య మమ్మల్ని అరుగు మీదకి పిలిచాడు. ఆయన ముందు పళ్ళెం నిండా మల్గోవా మామిడి ముక్కలు. మా తోటలో నీలం, సెందూర ఎన్ని కాసినా అడిగేవారు లేరు కానీ, మల్గోవా చెట్టు ఒక్కటే ఉండేది. దాని కాయలు గంపల్లో కృష్ణగిరి మండీకి పోవాల్సిందే, పిల్లల నోట పడేది అపురూపం. ఎలా వచ్చాయని అడిగేంత తెలివితక్కువ వాళ్ళం కాదు. వయసు వరసలో గుండ్రంగా కూర్చోమన్నాడు. పెద్దన్న ఒకటో నంబరు, నేను ఎనిమిది.

"మీరు సిలిండర్లు, నేను మిమ్మల్ని మండించే కరెంటు. ఒకరిని వదిలి ఒకరికి పెట్టుకుంటా పోతాను. గుండ్రటి ఇంజిన్ అట్లనే మండాల" అన్నాడు.

ఎందుకలా అంటే, ప్రతి సిలిండరుకీ ఒక చుట్టులో గాలీ పెట్రోలూ మింగి నొక్కే పని, ఇంకో చుట్టులో మండి పొగ వదిలే పని ఉంటుందట. కాబట్టి రెండు చుట్లకి ఒకసారే దాని వంతు వస్తుంది. పక్కపక్కవి వరసగా మండితే ఇంజిన్ అదిరిపోతుంది, ఒకటి వదిలి ఒకటి మండితే నున్నగా తిరుగుతుంది. నాకు ఇదేమీ తలకెక్కలేదు. కళ్ళు పళ్ళెం మీదే ఉన్నాయి.

ఒకటికి పెట్టాడు, మూడుకి, అయిదుకి, ఏడుకి పెట్టాడు. నన్ను దాటి మళ్ళీ ఒకటికి పెట్టాడు. రెండో చుట్టు కూడా అదే నలుగురు తిన్నారు. మా పెద్దన్న మోచేతిదాకా రసం కార్చుకుంటున్నాడు. మూడో చుట్టు మొదలయ్యేసరికి ఆగలేక గొంతు చించుకున్నాను.

"నాకు ఒగటి కూడా రాలే తాతా!"

"నేనేం చేసేదమ్మా? ఇంజినుకి మొగమాటం తెలీదు. వదిలి వదిలి పెడతా ఉండాను గదా."

అయితే నా నుంచి మొదలుపెట్టమన్నాను. సరేనని నాకు పెట్టి, ఒకరిని వదిలి మా రెండో అన్నకి పెట్టాడు. ఈసారి మేము నలుగురం తింటుంటే, ఇంతవరకూ తిన్నవాళ్ళు లబోదిబోమన్నారు. ఎటునుంచి మొదలుపెట్టినా సగంమందికే. నా మంచి అంకె నన్ను ముంచింది. అప్పుడు కూర్చుని వేళ్ళు మడిచి లెక్కవేశాను. బేసి సంఖ్య అయితే చుట్టు తిరిగి వచ్చేసరికి వంతు మారుతుంది, మొదటి చుట్టులో తప్పినవాళ్ళకి రెండో చుట్టులో పడుతుంది. ఆ మాట గర్వంగా పైకే అనేశాను.

అదే నేను చేసిన పొరపాటు. మా పెద్దన్న వెంటనే అందుకున్నాడు.

"అట్లయితే ఒకరు లేసిపోతే చాలు గదా తాతా, ఏడు మందిమి అవుతాము. ఇది చిన్నది, దీన్ని లేపేద్దాము."

ఏడుగురూ నా వైపు చూశారు. మా సొంత అక్క కూడా. తాతయ్య ఆకు నములుతూ, "ఏడైనా తిరుగుతుంది, తొమ్మిదైనా తిరుగుతుంది. మీ ఇష్టమప్పా" అన్నాడు.

అందరూ కలిసి మనల్ని లెక్కలోంచి తీసేయడం ఎలా ఉంటుందో నాకు ఆ క్షణంలో తెలిసింది. ఏడుపు వస్తోంది, మామిడిపండు పోతోందన్న భయం అంతకంటే ముందు వస్తోంది. లేచి ఒక్క పరుగున లోపలికి పోయాను.

వదిన రేకుపెట్టె ముందు కూర్చుని గౌన్లు మడతపెట్టుకుంటోంది. పక్కన అత్త వాటిని ఒక్కొక్కటే పెట్టెలో సర్దుతోంది.

"వదినా, రా. నువ్వు రాకపోతే ఆడ ఇంజిన్ తిరగదు."

"నేను రాను పో. నేను అరటిపండు గదా."

"ఈడ అరటిపండు లేదు, మామిడిపండే ఉండేది. లే, అయిపోతా ఉంది!"

వదిన అత్త వైపు చూసింది. అత్త తల ఊపింది. చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి నాకూ పెద్దన్నకీ మధ్యలో కూలేశాను. తాతయ్య మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టాడు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, నన్ను దాటి తొమ్మిది. వదిన ముక్క అందుకుంది. అక్కడినుంచి ఆయన చెయ్యి పెద్దన్నని దాటి రెండో అన్న మీద వాలింది. రెండు, నాలుగు, ఆరు, ఎనిమిది. అందరికంటే చివర నాకు వచ్చింది. అంత తీయటి ముక్క మళ్ళీ ఎన్నడూ తినలేదంటే నమ్మండి.

తాతయ్య వేగం పెంచాడు. మేము నోళ్ళతో ఇంజిన్ మోత మొదలుపెట్టాం. మంచం మీదనుంచి నాయనమ్మ, "ఏమప్పా, ఇంట్లోకి విమానం దించినారా?" అని అరిచింది. వదిన నవ్వింది. వచ్చిన పదకొండో రోజున ఆమె పళ్ళు ఎలా ఉంటాయో మేము చూశాం. ముందు పన్ను ఒకటి ఊడి ఉంది.

సోమవారం బస్సు వచ్చింది, వెళ్ళింది. రేకుపెట్టె మళ్ళీ అటక మీదకి ఎక్కింది. చెడుగుడుకి మూడు జట్లు కట్టడం, చాపకి ముగ్గురు చొప్పున మూడు చాపల మీద సర్దుకోవడం నేనే కనిపెట్టానని చాలాకాలం డబ్బా కొట్టుకున్నాను. ఎంత వెతికినా తొమ్మిదిలో దోషం కనపడలేదు. వదిన దసరా దాటినా వెళ్ళలేదు, ఆ తర్వాత నాలుగేళ్ళు మా ఊరి బళ్ళోనే చదివింది.

ఒక్క ముల్లు మాత్రం నాలో ఉండిపోయింది. ఆ రోజు నేను పిలిచింది ఆమె మీద ప్రేమతో కాదు, నా వంతు ముక్క కోసం. అరవై దాటాక ఒకసారి హోసూరులో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, ధైర్యం తెచ్చుకుని ఆ మాట చెప్పేశాను. వదిన చిక్కుడుకాయలు ఒలుస్తూ, తల కూడా ఎత్తలేదు.

"నాకు అప్పుడే తెలుసులే. నీ కన్ను పళ్ళెం మీదనే ఉండె. అయినా ఎనిమిది మందిలో లేసి వచ్చింది నువ్వే గదా."

ఆమె పక్కన కూర్చుని నేనూ నాలుగు కాయలు ఒలిచాను. ఇప్పటికీ పెళ్ళిలోనో, ఆస్పత్రి వరండాలోనో ఎవరైనా ఒంటరిగా నిలబడి కనిపిస్తే, నా మనసులో ప్రేమ ఉందా, స్వార్థం ఉందా అని తవ్వుకుంటూ కూర్చోను. ముందు వెళ్ళి పిలుస్తాను.