అంకుల్‌కి దొరికిన నాలుగు మాటలు

పోయిన ఆదివారం మా అమ్మాయి యూనివర్సిటీ అసైన్‌మెంట్ కాగితాలు హాల్లో కింద పడ్డాయి. తీయడానికని వంగినవాణ్ణి, తీయకుండా వాటి మీద కూర్చున్నాను. కావాలని చేసింది కాదు. మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి చూసి, "అయ్యో, ఏంటండీ ఇది? కాగితాల మీద కూర్చుంటారా ఎవరైనా? ముందు లేవండి!" అంది. అమ్మాయి మాత్రం, "నాన్నా, దట్స్ డ్యూ టుమారో!" అని నుదురు కొట్టుకుంది. మోకాళ్ళు పట్టేసి నేను వెంటనే లేవలేకపోయాను. అలా కూర్చున్న కాసేపట్లో ఒకప్పుడు సిడ్నీ శివార్లలోని బ్లాక్‌టౌన్‌లో నేనున్న అద్దె ఇల్లు, ఆ ఇంటి వెనక గదిలో ఉండే రష్యన్ పెద్దాయన గుర్తొచ్చారు.

వై టూ కే అని లోకమంతా భయపడిన రోజుల్లో సిడ్నీకి వచ్చినవాణ్ణి నేను. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలే ఉన్నచోటల్లా నాలుగంకెలు చేయడం మా పని. కొత్త సంవత్సరం వచ్చింది, ఏ కంప్యూటరూ ఆగలేదు, అందరూ బాణసంచా కాల్చుకున్నారు. ఏమీ జరగకపోవడమే మేం సాధించిన ఘనకార్యం కాబట్టి, ఇక చేయడానికేమీ లేదని కొన్నాళ్ళకు మమ్మల్ని పంపించేశారు. ఏడుపు రాలేదు, కోపమూ రాలేదు. పొద్దున్నే లేచి ఇస్త్రీ చొక్కా వేసుకుని వంటింటి బల్ల దగ్గర కూర్చునేవాణ్ణి. కూరలో ఉప్పు మరిచిపోయినా తెలియకుండానే తినేసేవాణ్ణి. అప్పటికి పెళ్ళి కాలేదు కనక, ఇదేమిటని అడిగేవాళ్ళూ లేరు.

ఆ పెద్దాయన కూడా అడగలేదు. పాలు లేని టీ గ్లాసు ఒకటి తెచ్చి నా ముందు పెట్టి, ఎదురుగా కూర్చునేవారు. వాళ్ళ పద్ధతిలో పెద్దవాళ్ళను పేరూ, తండ్రి పేరూ కలిపి పిలవాలట. ఆ రెండూ నా నోట్లో తిరగక, చివరికి అంకుల్ అన్నదానికి రాజీ పడ్డారు. వోల్గా నది ఒడ్డున ఏదో ఊళ్ళో నాటకశాలలో నటుడాయన. పదిహేడో ఏట పళ్ళెం పట్టుకున్న నౌకరుగా స్టేజీ ఎక్కి, ముప్పై ఏళ్ళలో రాజులూ, డాక్టర్లూ, మోసపోయిన మొగుళ్ళూ అయ్యారు. సినిమాలు నాలుగే. ఒకదాంట్లో రైలు గార్డు వేషం వేస్తే, ఆ తర్వాత చాలా ఏళ్ళు నిజం రైళ్ళలో జనం ఆయన్ని పట్టుకుని బండి ఎందుకింత ఆలస్యమని నిలదీసేవారట. దేశం ముక్కలైంది, నాటకశాల మూతపడింది, భార్య పోయింది. కూతురి వెంట ఇక్కడికి వచ్చారు. కూతురు ఉద్యోగం మీద పెర్త్ వెళ్తే, నటించే అవకాశం సిడ్నీలోనే దొరుకుతుందని ఆయన ఉండిపోయారు. దొరికింది మాత్రం ఒక స్కూల్లో నేల తుడిచే పని. "ఎనిమిదేళ్ళు, ఇంజినీర్," అనేవారు తనకొచ్చిన ఇంగ్లీషులో. "ఈ దేశంలో నా గొంతు ఎవ్వరూ వినలేదు."

అలాంటి మనిషికి ఒక సినిమాలో వేషం కోసం పరీక్షకు రమ్మని పిలుపొచ్చింది. బూట్లు బాగుచేసే ముసలాయన వేషం. నాలుగంటే నాలుగే మాటలు. ఆయన ఫ్రిజ్‌కీ కిటికీకీ మధ్య తిరుగుతూ చెప్తుంటే, బూట్లు తెచ్చిన ఆడమనిషి మాటలు నేను చదివేవాణ్ణి. చివరి మాట, "గురువారం రండి. అప్పటికి సిద్ధంగా ఉంటాయి." దాన్ని ఆయన ఇరవై రకాలుగా చెప్పి చూశారు. ఒక రకంలో అది మాట ఇచ్చినట్టుండేది. ఇంకో రకంలో, ఆవిడ మళ్ళీ రాదని ఆయనకు తెలిసినట్టుండేది. అది విన్నప్పుడు ఇంకోసారి చెప్పమని అడిగాను. ఉద్యోగం పోయాక నాకంటూ ఏదైనా అనిపించింది ఆ ఒక్కసారే.

పరీక్షకు ఆయనతో నేనూ బయల్దేరాను. గుమ్మం దగ్గర బూట్లు తొడుక్కుంటుంటే ఆయన జేబులోంచి ఆ నాలుగు మాటలున్న కాగితం జారి నేల మీద పడింది. ఆయన గోడ పట్టుకుని మెల్లగా కిందికి వంగుతున్నారు. నేను గబుక్కున తీసి, కళ్ళకద్దుకుని, ఆయన చేతిలో పెట్టాను. మాది చర్చికి వెళ్ళే కుటుంబమే, అయినా బాపట్ల స్కూల్లో తెలుగు మాస్టారు చెవి మెలేసి నేర్పిన అలవాటు పోలేదు. ఆయన మొహం తెల్లబోయింది.

"వేషం కాగితం పడితే ముందు దాని మీద కూర్చోవాలి, ఇంజినీర్. ఆ తర్వాతే తీయాలి. లేకపోతే స్టేజీ మీద మాట మరిచిపోతామని మా నటుల నమ్మకం. ముప్పై ఏళ్ళు అలాగే కూర్చున్నాను. మళ్ళీ అక్కడే పెట్టు," అన్నారు.

రాసిన కాగితాన్ని నేల మీద పెట్టడానికి నాకు చెయ్యి రాలేదు. అది నిజమే. కానీ అంతకంటే పెద్ద నిజం, నాకు ఏదీ పట్టని రోజులవి. "అంకుల్, ట్రైన్ టైమ్ అవుతోంది," అన్నాను. ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు.

ఆ సినిమావాళ్ళ ఆఫీసు వసారాలో నేను కూర్చున్నాను. తలుపు అవతల నుంచి ఆయన గొంతు వినిపించింది. ఇంట్లో ఎప్పుడూ వినని గొంతు, నా కుర్చీ దాకా నిండుగా వచ్చింది. మొదటి మాట, రెండో మాట, మూడో మాట. ఆపైన ఏమీ లేదు. నాలుగోది నాకు కంఠతా వచ్చు. నా పెదాలు కదిలాయి, అంతే. లేచి తలుపు తోసి అందించాలని కూడా అనిపించలేదు.

తిరుగు రైల్లో ఆయన కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. సగం దారిలో, ఉన్నట్టుండి పెట్టెంతా వినబడేలా, "గురువారం రండి. అప్పటికి సిద్ధంగా ఉంటాయి," అన్నారు. ఆవిడ మళ్ళీ రాదని తెలిసినట్టుండే రకంలో. ఎదుటి సీట్లో ఒకావిడ పేపరు దించి, "సారీ, లవ్?" అంది, ఏమన్నారు బాబూ అని అడిగినట్టు. ఆయన టోపీ తీసి వంగి నమస్కరించారు.

ఆ వేషం ఇంకెవరికో వెళ్ళింది. నాకు మెల్‌బోర్న్‌లో ఉద్యోగం దొరికి, అక్కడి వెర్రిబీలో స్థిరపడ్డాను. ఆయన కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని విన్నాను. ఆ కాగితం సంగతి ఆయన మళ్ళీ ఎత్తలేదు. రెండు తిట్లు తిట్టినా బాగుండేది. అప్పుడే సిగ్గుపడి, కాసిని కన్నీళ్ళు పెట్టుకుని ఉండేవాణ్ణి. మొన్న హాల్లో కూర్చున్నప్పుడు పెట్టుకున్నాను, మోకాళ్ళ నొప్పి అనుకుని అమ్మాయి చెయ్యి అందించింది. ఆయనకు మరిచిన మాట రైలు దిగేలోపే గుర్తొచ్చింది. ఆ కాగితం మీద కూర్చోవడానికి నాకు ఇరవై ఏళ్ళు పైనే పట్టింది.