రెండో చెరువుకీ విందు పెట్టిన పెద్దిరాజు గారు

నిన్న పొద్దున కాలేజీ బస్సు ఎక్కుతుంటే ఫోన్.

"నాన్నగారు పోయారండి" అన్నారు పెద్దిరాజు గారి అబ్బాయి.

బస్సు వెళ్లిపోయింది. నేను రోడ్డు మీదే నిలబడిపోయాను.

పోయిన వారమే చేపల మేత గురించి నాతో అరగంట వాదించిన మనిషి. పోవడమేంటి?

ఆయనెవరో నా ఫ్రెండ్స్‌కి, స్టూడెంట్స్‌కి చెప్పాలి. ఏడుస్తూ మాత్రం చెప్పలేను. ఆయన మాటెత్తితే నాకు ఇప్పటికీ హుషారే!

తొంభైల చివర్లో మా యూనివర్సిటీకి, నెదర్లాండ్స్‌లో ఒక యూనివర్సిటీకి కలిపి చేపల మేత మీద జాయింట్ ప్రాజెక్ట్ వచ్చింది. నేను అందులో రీసెర్చ్ స్కాలర్‌ని. భీమవరం దగ్గర చేపల రైతు పెద్దిరాజు గారు తన చెరువులు రెండు మాకు ఇచ్చారు.

మొదటి చెరువులో మా కొత్త మేత. రెండో దాంట్లో ఎప్పుడూ వేసే తవుడు. ఎక్కడ చేప ఎంత పెరిగిందో పోల్చి చూడాలి. నా పీహెచ్‌డీ మొత్తం ఆ తేడా మీదే ఉంది.

నెదర్లాండ్స్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హన్నా చెరువులు చూడడానికి వచ్చే రోజు రానే వచ్చింది. ఆవిడకు నచ్చితేనే ప్రాజెక్ట్ ముందుకు సాగుతుంది. ఎంత హడావిడో! కొబ్బరి బొండాలు, పూతరేకులు, కొత్త వల, ఇస్త్రీ చొక్కాలో మెరిసిపోతున్న రాజు గారు!

ల్యాబ్ పని మీద రెండు నెలలు నేను అటువైపు వెళ్లలేదు. అందుకే గంట ముందే చేరుకుని, ఎందుకైనా మంచిదని రెండో చెరువులో వల విసిరించాను.

శీలావతి చేపలు. ఒక్కొక్కటీ ఇంతేసి!

"ఇదేంటండీ రాజు గారూ?"

ఆయన మెడ గోక్కున్నారు. "మనసొప్పలేదండి. ఇటు వాటికేమో విందు భోజనం, అటు వాటికేమో ఉత్త తవుడు. రెండూ నా చెరువులే కదండీ. మీ మేత చూసి, వేరుశనగ చెక్కా అదీ కలిపి ఇంట్లోనే చేసి పెట్టేశానండి. ఆయ్."

పెద్దాయనని కూడా చూడకుండా అరిచేశాను. తర్వాత బతిమాలాను.

"హన్నా గారికి చెప్పకండి. ఈ చెరువులో వల వద్దు. నేను పాత తూకాలే చూపిస్తాను."

ఆయన వల మడత పెట్టించడానికి వెళ్లిపోయారు.

హన్నా వచ్చారు. మా గైడ్ యూనివర్సిటీలోనే ఉండిపోయారు కాబట్టి అక్కడ తెలుగూ ఇంగ్లిషూ రెండూ వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. మొదటి చెరువు చేపలు చూసి ఆవిడ చప్పట్లు కొట్టారు. ఇక బయల్దేరదాం అనుకునేలోపు రాజు గారు అందుకున్నారు.

"రెండోది కూడా చూడమనండమ్మా. నేను అందులోనూ మేత వేశానని చెప్పండి."

 ఉన్నదున్నట్టు చెప్పాను.

ఆవిడ గట్టు మీద కూలబడ్డారు. నా పీహెచ్‌డీ గోదాట్లో కలిసిందనుకున్నాను.

ఆవిడ లేచి "ఏం మేత? చూపించండి" అన్నారు.

ఇక చూడాలి రాజు గారిని! బస్తా మోయించుకొచ్చారు. ఇంట్లో గోడకున్న క్యాలెండర్ పీక్కొచ్చారు. ఏ రోజు ఏం కలిపారో, ఎంత వేశారో అన్నీ అందులో రాసి ఉన్నాయి. హన్నా ఆ మేత చిటికెడు నోట్లో వేసుకుని నమిలారు! రాజు గారు కంగారుపడి బొండాం కొట్టించారు. మధ్యాహ్నం దాకా ఇద్దరూ ఆపకుండా మాట్లాడుకుంటుంటే అటూ ఇటూ చెప్పలేక నా నోరు నొప్పెట్టింది.

ప్రాజెక్ట్ రెండో విడత వచ్చింది. దేని మీదనుకున్నారు? రైతులు ఇంట్లో చేసుకునే మేత మీద! ప్రయోగం ఎలా చేయాలో ముందు రైతులతో కూర్చుని మాట్లాడడం మా డిపార్ట్‌మెంట్‌లో అప్పుడే మొదలైంది. రాజు గారైతే యూనివర్సిటీకి వచ్చి ఫారిన్ సైంటిస్టుల ముందు తెలుగులో దంచేశారు.

నా పీహెచ్‌డీ ఏడాది ఆలస్యమైంది.

ఈ కథ ఎన్నోసార్లు నవ్వుతూ చెప్పాను. ఒక్క ముక్క మాత్రం వదిలేసేదాన్ని.

ఆ రోజు గట్టు మీద హన్నా నన్ను చూపించి ఆయన్ని ఇంకో మాట అడిగారు. "ఈ అమ్మాయికి ముందే తెలుసా?"

తెలుసంటే నా చదువు అక్కడితో సరి. ఆ ప్రశ్నని తెలుగులో ఆయనకు చెప్పాల్సింది కూడా నేనే.

రాజు గారు నా వైపు చూడలేదు.

"ఆవిడకేం తెలీదండి. రెండు నెలలు ఊళ్లోనే లేరు కదండీ."

తన తప్పు దాచమంటే ఒప్పుకోలేదు. నా తప్పు దాచడానికి మాత్రం అబద్ధమాడారు. దాన్ని ఇంగ్లిషులో చెప్పింది నేనే.

తర్వాత ఎప్పుడూ ఆయన ఆ మాట ఎత్తలేదు. సిగ్గుతో నేనూ ఎత్తలేదు. థాంక్స్ కూడా చెప్పలేదు.

ఇవాళ పొద్దున హన్నాకు మెయిల్ పెట్టాను. నాకు ముందే తెలుసని రాశాను.

వెళ్లి రండి రాజు గారూ. చేపల ఆకలి కూడా చూసిన మీకు, అక్కడ ఏ లోటూ లేని ప్రశాంతత దొరకాలి.