అంజన్న మీద ఒట్టు

సర్పంచిగా ఉన్న నా భర్త మీద అవిశ్వాసం పెడుతున్నారన్న కబురు నాకు మొదట తెచ్చింది హరిజనవాడ మెంబరు, ఒక ముసలమ్మ. వాళ్ల వాడలో ఆయన బావి తవ్వించడమే కొందరు పెద్దలకు కంటగింపయింది. బావి అప్పటికి సగమే అయింది.

"పెద్దలు మా మెంబర్లను కొండగట్టు దర్శనమని జీపుల తీస్కపోయిండ్రు, దొరసాని. తడిబట్టలతోని ఆంజనేయుని ముంగట నిలబెట్టి, మీటింగుల మేం చెప్పినోని మీద చెయ్యి లేపాలెనని అంజన్న మీద ఒట్టేయించిండ్రు. ఎవలి మీదనో దిగొచ్చినంక చెప్పిండ్రు," అని మా అరుగు కింద కూలబడింది. "నువ్వు భాగవతం చదువుతవు. ఒట్టు తప్పుమంటే తప్పుత."

ఆమె చెయ్యి ఒక్కటి లేవకపోతే పదవి నిలుస్తుంది, బావి పూర్తవుతుంది. మోసంతో వేయించిన ఒట్టు ఒట్టు కాదని నేను చెప్పవలసింది. దేవుని భయంతో నోరు రాలేదు.

"అంజన్న మీద ఒట్టు గదా, అవ్వా," అన్నాను.

మీటింగు నాడు ఆమె ముఖం గోడకు తిప్పుకుని చెయ్యి లేపిందట. ఆ ఒక్క చేతితో నా భర్త పదవి పోయింది. వారం తిరక్కుండా సగం బావిని పూడ్పించారు. ఆ ఎండాకాలం వాడ ఆడవాళ్లు వాగు ఇసుకలో తవ్విన చెలిమెల్లో చిప్పలతో నీళ్లు తోడుకున్నారు. వాళ్లలో ఆమెను చూసినప్పుడల్లా నాకు అన్నం సహించేది కాదు.

"నువ్వు దేవుని మాటే చెప్పినవు, ఫికర్ జేయకు," అనేది నాతో. ఆ దయకు ఈనాటికీ దండం పెట్టుకుంటాను. ఇది చదివినవారు మమ్మల్ని మరిచినా సరే, ఆమెను ఒక్కసారి తలుచుకోండి.