మా వారు చూసిన సముద్రం

మొన్న మా మనవరాలు సెలవులకు మెక్సికో వెళ్ళి, అక్కడ సముద్రంలో దిగి తీయించుకున్న వీడియో ఒకటి నా ఫోన్‌కు పంపింది. పసుపు చారల చేపలు గుంపుగా దాని మొహం మీదికే వచ్చి చివర్లో తప్పుకుంటున్నాయి, ఇది వాటి మధ్యలోంచి చెయ్యి ఊపుతోంది. ఇక్కడ కెనడాలో, రిచ్‌మండ్ హిల్‌లో మా వంటింట్లో, కుక్కర్ కూత కోసం చూస్తూ నిలబడ్డ నాకు, సముద్రం అడుగంతా అరచేతిలో కనబడి నిమిషంలో అయిపోయింది. కింద “అమ్మమ్మా, యూ షుడ్ ట్రై దిస్” అని రాసింది. ఏదో జవాబు రాయబోయి, ఆ కథంతా ఈ కళ్ళతో ఫోన్‌లో ఎక్కడ టైపు చేస్తాంలే అని ఊరుకున్నాను. నా ఈడువాళ్ళయితే తీరిగ్గా వింటారన్న ధైర్యంతో ఇక్కడ చెబుతున్నాను.

మేము కెనడా వచ్చిన కొత్తలో రెజైనాలో ఉండేవాళ్ళం. మా వారికి అక్కడ ప్రభుత్వ ఆఫీసులో కంప్యూటర్ల ఉద్యోగం, నాకు యూనివర్సిటీ లైబ్రరీలో చిన్న పని. ఆ ఊరు చూసినవాళ్ళకు తెలుస్తుంది, ఎటు తిరిగినా నేలా ఆకాశమే తప్ప మరొకటి కనబడదు. సముద్రానికి ఏ వైపు బయలుదేరినా రోజుల ప్రయాణం. అయినా మాకు అదేమీ లోటుగా తోచలేదు, ఎందుకంటే నాది అనంతపురం, ఆయనది కరీంనగర్ దగ్గర పల్లె, ఇద్దరిలో ఒక్కరం కూడా సముద్రం గట్టున పుట్టినవాళ్ళం కాదు. పెళ్ళయ్యాక ఒకసారి మద్రాసు వెళ్ళి, చీర తడవకుండా కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని అలల్లో నిలబడటంతో నా సముద్ర పరిచయం ముగిసింది.

అటువంటి ఊళ్ళో స్కూబా డైవింగ్ క్లబ్ ఒకటి ఉందని, మా పాపను ఈత నేర్పించడానికి తీసుకెళ్ళిన స్విమ్మింగ్ పూల్ గోడ మీద చూసి మా వారు ఇంటికొచ్చి చెప్పినప్పుడు నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పిల్లలు మోటబావిలో మునిగి, అడుగు దాకా వెళ్ళామనడానికి రుజువుగా పిడికెడు బురద పైకి తెచ్చి చూపించేవారట. బురద తేనివాడి మాట ఎవరూ నమ్మేవారు కాదట. ఆ మాట చెబుతూ ఆయన, సముద్రం అడుగున ఏముంటుందో ఒక్కసారి కళ్ళారా చూడాలని చిన్నప్పటి నుంచీ ఉందని మెల్లగా అన్నారు. కోరికలు బయటపెట్టే మనిషి కాదు. అందుకని నాకు కాదనబుద్ధి కాలేదు. పైగా ఆ క్లబ్‌లో ఎప్పుడూ జంటగానే దిగాలి, జంట లేనిదే దింపరు, కాబట్టి నేనూ చేరాల్సి వచ్చింది. బిందెలతో నీళ్ళు మోసిన ఊరిదాన్ని, మునిగేటన్ని నీళ్ళంటే నాకు ఎంత భయమో వేరే చెప్పాలా!

ఆ క్లబ్‌లో ఒక బడి పంతులు, ఒక బస్సు డ్రైవరు, మరో నలుగురైదుగురు ఉండేవారు. అందరికీ నేర్పే ఆవిడ గోధుమలు పండించే రైతు. చలికాలమంతా పూల్‌లో సాధన. బయట మంచు, లోపల మేము వీపు మీద గాలి సిలిండర్లు కట్టుకుని అడుగున మోకాళ్ళ మీద కూర్చునేవాళ్ళం. నీళ్ళలోనే మొహానికి బిగించుకున్న కళ్ళద్దం తీసేసి మళ్ళీ పెట్టుకోవడం ఒక పాఠం. అది నాకు చలికాలం పూర్తయ్యే దాకా రాలేదు. తడిజుట్టుతో కారు దాకా నడిచేసరికి నా జడ కట్టెలా బిగుసుకుపోయేది.

వేసవిలో ఊరికి కొంత దూరంలో లోయలో ఉన్న చెరువుకు వెళ్ళేవాళ్ళం. దాని నీళ్ళు చిక్కటి గోంగూర పులుసులా పచ్చగా ఉండేవి. లోపలికి దిగితే మోచేతి అవతల ఏముందో కనబడేది కాదు. అందుకే అక్కడివాళ్ళందరికీ ఒక అలవాటు, జంటలో ఇద్దరూ దిగింది మొదలు పైకి వచ్చేదాకా చెయ్యి వదలరు. ఒకసారి నొక్కితే బాగున్నానని, గట్టిగా పట్టి ఉంచితే ఆగమని. కొత్తగా పెళ్ళయినప్పుడు కూడా మేము అంతసేపు చేతులు పట్టుకుని ఉండలేదు. ఆ పులుసులో చూడ్డానికి ఏముండేవి కనుక, ఒక పాత టైరు, ఒకటి రెండు సోమరి చేపలు. అయినా పైకి వచ్చి, గట్టు మీద నా పులిహోర, వాళ్ళ శాండ్‌విచ్‌లు పంచుకుని తింటూ, ఏదో గొప్ప వింత చూసినట్టు గంటలకొద్దీ మాట్లాడుకునేవాళ్ళం.

ఆ మాటలన్నీ చివరికి సముద్రం దగ్గరికే చేరేవి. క్లబ్ అంతా కలిసి పసిఫిక్ తీరానికి వెళ్ళి ఒకసారి అసలైన నీళ్ళలో దిగాలని నిర్ణయమైంది. మా వారి సంబరం చూడాలి! సెలవు అప్లై చేశారు, పాపను పక్కింటి గుజరాతీ ఆంటీ దగ్గర ఉంచడానికి మాట్లాడారు, ఇంట్లో ఎవరు భోజనానికి వచ్చినా అక్కడి చేపల పేర్లు వినిపించేవారు.

ప్రయాణానికి కొద్దిరోజుల ముందు, చెరువులో చివరి సాధన నాడు ఆయనకు జలుబుగా ఉంది. చెవిలో ఒత్తిడి వదలకపోయినా, ఇంత దగ్గరికి వచ్చి ఆగడమేమిటని లోపలికి వెళ్ళిపోయారు. నా చేతిలో ఆయన చెయ్యి ఒక్కసారిగా బిగుసుకుంది. పైకి వచ్చేసరికి నిలబడలేక తూలుతున్నారు. లోపలి చెవి దెబ్బతిన్నదని, మళ్ళీ దిగితే ఆ చెవి వినికిడి మొత్తం పోవచ్చని, ఇక ఎప్పటికీ డైవింగ్ మాట తలపెట్టవద్దని డాక్టరు చెప్పాడు. ఇంటికి వచ్చి ప్రయాణం మానేద్దామన్నాను. ఆయన షూ విప్పుతూ, తల ఎత్తకుండానే అన్నారు.

“మానేసుడెందుకు? నువ్వు దిగు. చూసొచ్చి నాకు చెప్పు.”

“నాకేం సరదా? నేను మీ కోసం కదా నేర్చుకునింది.”

“గదే అంటున్న. నా కోసమే దిగు.”

మర్నాడు పెట్టె సర్దాను.

పర్వతాలు దాటి ఆ తీరం చేరాం. పడవలో మా వారు నా వీపు మీది పట్టీలన్నీ ఒక్కొక్కటే లాగి చూశారు, కళ్ళద్దం తుడిచి ఇచ్చారు. నాకు జంటగా మా గోధుమల ఆవిడ దిగింది. చేతులు పట్టుకునే దిగాం. కొంత లోతుకు వెళ్ళి కళ్ళు తెరిచి చూస్తే, ఎంత దూరమో అంత దూరం కనబడుతోంది! రాతిగోడ నిండా తెల్లటి పువ్వుల్లాంటి ప్రాణులు ఊగుతున్నాయి. ఊదారంగు నక్షత్రచేపలు ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. రాతి సందులో ఒక ఆక్టోపస్ ముడుచుకుని మమ్మల్నే చూస్తోంది. మాకు దారి చూపే స్థానిక కుర్రాడు విడివిడిగా ఈదండని సైగలు చేశాడు. మేమిద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నామే గాని చెయ్యి వదలలేదు. బురదలో నేర్చుకున్నవాళ్ళం, అంత వెలుతురులోనూ తప్పిపోతామనే భయపడ్డాం. ఆ కుర్రాడు చెబితే పైన పడవవాళ్ళు దానికి చాలా నవ్వారని తర్వాత తెలిసింది.

నాకు నవ్వే స్థిమితం లేదు. కనబడినదల్లా ఆయనకు చెప్పాలి, ఏది మరిచిపోయినా ఆయనకు అది లేనట్టే. రంగు ఇదీ, ఎడమవైపు ఇదీ అని లోపల వల్లె వేసుకుంటూ తిరిగాను. అడుగున తాకవద్దని చెప్పినా వినకుండా ఒక పిడికెడు ఇసుక తీసుకున్నాను. మెల్లగా, ఆగి ఆగి పైకి రావాలి కదా, ఆ రావడంలో ఇసుక గుప్పిట్లోంచి జారిపోతూనే ఉంది. పడవ ఎక్కి ఆయన ముందు చెయ్యి తెరిస్తే, తడి గ్లవ్స్‌కు అంటుకుని నాలుగు రేణువులు మిగిలాయి. ఆయన వాటిని వేలితో అద్దుకుని చాలాసేపు చూశారు. తర్వాత టవల్ నా చుట్టూ కప్పి, “ఇగ చెప్పు” అన్నారు. నాకు ఏడుపొచ్చింది. పళ్ళు టకటక కొట్టుకుంటుండగా చెప్పడం మొదలుపెట్టి, రెజైనా వచ్చేదాకా, వచ్చాక కూడా, ఆయన అడుగుతుంటే చెబుతూనే ఉన్నాను.

మొదట్లో ఇంటికి వచ్చినవాళ్ళకు మా ఆవిడ చూసిందని ఆయనే గొప్పగా చెప్పేవారు. ఈ ఊరికి మారాక, ఇద్దరం చూసినట్టు చెప్పడం విన్నాను. ఇప్పుడు ఆయన మాటల్లో, ఆయన ఒక్కరే దిగి చూసి వచ్చారు. పోయిన నెలలో, ఇక్కడికి దగ్గర్లోని ఎటోబికోలో చదువుకునే తెలుగు పిల్లలు భోజనానికి వస్తే, ఆ ఆక్టోపస్ ఒక చెయ్యి చాపి తన వేళ్ళను ఎలా తడిమిందో చెప్పారు. “సూపర్ అంకుల్” అంటూ పిల్లలు నోళ్ళు తెరుచుకుని విన్నారు. అబద్ధం చెప్పే మనిషి కాదు, అలాగే గుర్తుంది ఆయనకు. పెరుగు తెచ్చి పెడుతూ నేనూ విన్నాను. ఒక్కనాడూ సరిదిద్దాలనిపించలేదు.

ఇప్పటి పిల్లలకు చూసింది చూసినట్టే ఫోన్‌లో ఉంటుంది, ఎన్నేళ్ళయినా ఆ చేపలు అలాగే వస్తాయి, పోతాయి. మాకు చెప్పుకోవడం తప్ప దాచుకునే దారి లేకపోయింది. చెప్పగా చెప్పగా నాది మెల్లగా ఆయనదైపోయింది. ఆ పిల్లలు వెళ్ళాక గిన్నెలు సర్దుతూ, ఆక్టోపస్ నిజంగా చెయ్యి చాపిందా అని ఆలోచించాను. ఎంత ప్రయత్నించినా నేను చూసింది కళ్ళముందుకు రాలేదు, ఆయన గొంతులో విన్నదే వచ్చింది. ఇద్దరికీ వయసు మీద పడుతోంది. ఆయన చెప్పడం ఆగిపోయిన రోజున, ఆ సముద్రంలోకి నేను దిగానన్న సంగతి నాకైనా గుర్తుంటుందో లేదో.