రెండించుల్లో సగం

వేప్పనపల్లి చుట్టుపక్కల ఎవరు బోరు వేసినా, నీళ్లు కొలవడానికి అంజనప్పనే పిలిచేవారు. ఆయన పనిముట్టల్లా ఒక ఇనప రేకు. దాని నడుమ కోసిన కోత అడుగున మొనదేలి, పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. ఆ రేకును పారే నీటికి అడ్డం పెట్టి, కోతలో నీరెంత ఎత్తు నిలిచిందో చూసి, "రెండించులు" అనేవాడు. అంటూ కండువా సర్దుకోవడం చూస్తే, ఆ నీళ్లు ఈయనే పుట్టించాడేమో అనిపించేది.

1998లో కదిరమ్మ బోరులో ఒక ఇంచు పడింది.

"ఎంత నేల పారుతుందన్నా?" అని అడిగింది.

"పక్క చేని లింగప్ప బోరుది రెండించులు. రెండెకరాలు పారతా ఉంది. నీది దాంట్లో సగం. ఎకరా టమోటా పెట్టుకోమ్మా."

ఆమె ఎకరా నాటింది. మూడో వంతుకు మించి తడవలేదు. పూతకొచ్చిన చెట్లు నిలువునా ఎండిపోయాయి. నీళ్లు పారించడం కూడా చేతకాదని మొగుడు ఆమెను పదిమందిలో తిట్టాడు.

ఆ వారమే కృష్ణగిరిలో మోటార్లమ్మే ఆయన, ఇంచుల లెక్క తనకొద్దని, నిమిషానికెన్ని లీటర్లో చెప్పమని అంజనప్పను అడిగాడు. అంజనప్ప ఇరవై లీటర్ల డబ్బా, వాచీ పట్టుకుని బయల్దేరాడు. లింగప్ప బోరు కింద డబ్బా ఇరవై అయిదు సెకన్లలో నిండింది. కదిరమ్మ బోరు కింద యాభై పట్టాలి. రెండు నిమిషాలు దాటినా నిండలేదు. పైకి వెడల్పయ్యే కోతలో సగం ఎత్తు నీరు సగం నీరు కాదు, దాదాపు ఆరో వంతే. ఇన్నేళ్లూ ఆ కోతను చేత్తో పట్టుకుని తిరిగిన మనిషికి ఈ సంగతి తట్టలేదు.

చెబుదామనుకున్నాడు. పేరు పోతుందని నోరు పెగల్లేదు. అది పిరికితనమే, ఇంకో మాట అక్కర్లేదు. నెల తిరక్కుండానే ఆ ఆలుమగలు హోసూరుకు వలస పోయారు. అంజనప్ప రేకును అటక మీద పడేశాడు.

ఏడేళ్ల తర్వాత, ఇక ఉండబట్టలేక, హోసూరులో ఆమె ఇల్లు వెతికి పట్టుకున్నాడు. ఏదో కంపెనీలో ఊడ్చే పని చేస్తోంది. చెంబుతో నీళ్లిచ్చింది. అవి తాగకుండానే అంతా చెప్పేశాడు.

కదిరమ్మ గోడకానుకుని కూర్చుంది.

"మా ఆయప్ప పోయిన ఏడు చచ్చిపోయినాడన్నా. పంట నావల్లే పోయిందని కడదాకా అంటానే ఉండినాడు. నేనూ అదే నమ్మినాను. ఆయప్ప ఉన్నప్పుడు వచ్చింటే బాగుండు."

అంజనప్ప చెంబు కింద పెట్టాడు.

"ఇంకోసారి చెప్పన్నా," అంది ఆమె. "తప్పు నాది కాదు కదా?"

"కాదమ్మా," అన్నాడు.