కడపకు అర్ధగంట

చేతిలో కొత్త ఫోను, నెత్తి మీద కొత్త డిగ్రీ ఉన్న ఆ రోజుల్లో, నాకు తెలియంది లోకంలో లేదని మా ఇంట్లో అందరూ నమ్మేవాళ్ళు (అందరికంటే గట్టిగా నేనే నమ్మేవాణ్ణి). మా పెదనాయన సంగతి వేరు. కర్నూలు విమానాశ్రయం కట్టినప్పుడు ఆయన కొర్రలు, కందులు పండించుకునే మెట్టచేను రన్‌వే కిందికి పోయింది. అప్పటినుంచి పైన మోత వినబడితే చాలు, కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టుకుని చూసి, "మన చేన్లో దిగుతాండాదిరా" అనేవాడు. అందులో గర్వమెంతో కడుపుమంటెంతో ఆయనకే తెలియదు.

ఒకరోజు పొద్దున్నే కడప నుంచి మామ ఫోన్ చేశాడు. ఆస్పత్రిలో ఉన్న మా అత్తకు బాగా ఎక్కువైందని, అన్నను చూడాలంటోందని. పెదనాయనకు ఆమె ఒక్కతే చెల్లెలు. బస్సుకు పోదామంటే ఆయన ఒప్పుకోలేదు. "మన చేన్లో ఇమానం పెట్టుకోని బస్సెందుకురా? కడపలో గూడా దిగుతాయంట గదా. ఎంతసేపు పడ్తాదో చూడు." చూశాను. ఫోన్లో రెండు విమానాశ్రయాల మధ్య దూరం, దాని కింద 'ప్రయాణ సమయం సుమారు అర్ధగంట' అని ఉంది. ఇంకేం, మామకు ఫోన్ చేసి "ఇమానంలో వస్తాండాం" అని చెప్పేశాను. పెదనాయన పెళ్ళిళ్ళకు కట్టే పట్టుపంచె కట్టాడు.

గేటు దగ్గర జవాను టికెట్ అడిగాడు. అది కొనేకే వచ్చినామంటే, పక్కన టికెట్ల కిటికీలో కూర్చున్న అమ్మాయిని చూపించాడు.

"కడపకు ఇక్కడినుంచి విమానం లేదండీ. మద్రాసు పోయి మారాల. అదీ ఈరోజు లేదు."

"అర్ధగంటని రాసినారంట గదమ్మా?" అన్నాడు పెదనాయన.

"అది ఎగిరితే పట్టే టైము సార్."

"ఎగిరేదే లేనప్పుడు టైమెందుకు రాసినారు?"

ఆ అమ్మాయి పాపం నావైపు చూసింది. నేను ఫోన్ వైపు చూశాను. పెదనాయన కంచె అవతల రన్‌వేను చూస్తూ, "నా చేను తీసుకోని, నా చెల్లెలి ఊరికి పోరంట" అన్నాడు. ఎండలో రోడ్డు మీదికి నడిచి వచ్చి, దొరికిన బస్సెక్కి, నంద్యాలలో మారి, మేము కడప చేరేసరికి అత్త పోయింది.

మామ ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. పెదనాయన చేతులు పట్టుకుని, "మా అన్న ఇమానంలో వస్తాండాడని నర్సులందరికీ చెప్పుకుంది బావా. ఆఖరి మాట అదే" అని ఏడ్చాడు. తర్వాత కళ్ళు తుడుచుకుంటూ, "ఎట్లుండె ఇమానం?" అని అడిగాడు. బస్సులో వచ్చినామని చెప్పడానికి నేను నోరు తెరిచేలోగా పెదనాయన నా భుజం గట్టిగా నొక్కాడు.

"శానా బాగుండె. మేఘాలు దూది మాదిరి. తినేకి గూడా పెట్టినారు."

"ఏం పెట్టినారు?"

పెదనాయన ఒక్క క్షణం తడబడ్డాడు. "బొరుగుల ఉగ్గాని, మిరపకాయ బజ్జీ."

మామ ఏడుస్తూనే నవ్వాడు. నాకు మాత్రం తల కొట్టేసినట్లయింది. ఇంత దుఃఖంలో కూడా ఈ మనిషికి గొప్పలెందుకని మనసులో విసుక్కున్నాను (డిగ్రీ పాసైనవాణ్ణి కదా). ఇప్పుడు ఉద్యోగం పని మీద తరచూ విమానాలెక్కుతున్నాను. అట్టపెట్టెలో చల్లారిన రొట్టెముక్క ఇస్తారు. ఇంటికొచ్చాక మామ ఫోన్ చేసి ఇమానంలో ఏం పెట్టినారురా అంటే, మిరపకాయ బజ్జీలో కారం కొంచెం ఎక్కువైందని చెప్తాను.